ఢాకా మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బు



నేటి ప్రసంగమునకు విషయము బంగ్లాదేశ్ రాజధానియగు ఢాకా నగరమందలి మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బను ఫుట్‌బాలు సంఘముయొక్క చరిత్ర. “బంతిని కాలితో దన్నుట పిల్లలపని, దానికి చరిత్రయు నొకటియా?” యని పెద్దలలో గొందఱు తలంపవచ్చును. మన గ్రామములలో తిరునాళ్లనాడు బండలాగు పందెములు జరుగునప్పుడు ఎద్దుల జత యొక్కటి గెలిచినను ఓడినను ఊరెల్ల గెలిచినట్లును ఓడినట్లును భావించుట మీ రెఱుగుదురు గదా. ఎద్దులు ఒక రైతువి. గౌరవము మాత్రము ఊరిది. ఢాకాలో గూడ నట్లే జరిగెను. అక్కడ ఊరికి బదులు దేశమంతయు రెండు పక్షములుగా జీలెను. ఒకే యింట తండ్రి యొక జట్టును, కుమారుడు వేఱొక జట్టును అభిమానించి, పందెము జరిగిన రాత్రి ఒకే పంక్తిని భోజనమునకు గూర్చుండని కుటుంబములు కలవని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు.

ఆటను గూర్చి ఒక్కమాట. ఫుట్‌బాలునందు పక్షమునకు పదునొకండుగురు చొప్పున ఆడుదురు. తొంబది నిమిషములలో ఎదుటివారి గోలులోనికి బంతిని ఎక్కువ మారులు పంపినవారిదే గెలుపు. నగరమందలి జట్లన్నియు ఒకదానితో నొకటి వరుసగా నాడి, మొత్తముమీద గుణములు ఎక్కువ తెచ్చుకొన్నవారు గెలుచు పద్ధతికి లీగు అని పేరు. ఓడినవారు ఓడినట్లే తప్పుకొనుచు తుదకు ఇరువురు మిగులు పద్ధతి కప్పు. ఇంతమాత్రము తెలిసిన నేటి కథకు చాలును.

బ్రిటిషు ప్రభుత్వకాలమున ఈ యాట కలకత్తానుండి తూర్పు వంగదేశమునకు వ్యాపించెను. ఢాకాలో వారీ క్లబ్బు 1898లోను, విక్టోరియా క్లబ్బు 1903లోను ఏర్పడెను. 1937 నవంబరులో ఇంగ్లండునుండి వచ్చిన ఇస్లింగ్టన్ కొరింథియన్సను జట్టును ఢాకావారు ఒక గోలుతో ఓడించిరి. ఆ గోలును వేసినవాడు పాఖీ సేన్ అను యువకుడు. దొరల యాటలో దొరలను గెలిచితిమన్న సంతోషము ఆ నగరమున చాలకాలము నిలిచెను.

కలకత్తాయందు 1891లో స్థాపింపబడిన మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బు 1934 మొదలు 1938 వఱకు వరుసగా ఐదేండ్లు అచ్చటి లీగును గెలిచెను. అంతకుముందు ఆ లీగును హిందూదేశీయుల జట్టేదియు గెలిచియుండలేదు. ఆ కీర్తి తూర్పు వంగమందలి పల్లెలకు గూడ బ్రాకెను. ఢాకా నవాబు కుటుంబమువారి ప్రాపున అంతకుముందే నడచుచుండిన ముస్లిం స్పోర్ట్సు క్లబ్బు 1936లో మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బను పేరు ధరించెను. నలుపు తెలుపు రంగులను గూడ కలకత్తావారినుండియే గ్రహించెను. కావున ఢాకా సంఘమునకు కలకత్తా సంఘము అన్నవంటిది.

పేరు గొప్పదైనను తొలి యిరువదియేండ్లు ఊరు చెప్పుకొనదగిన విజయము లేదు. 1947లో దేశము విభక్తమైన తరువాత ఢాకాలో వాండరర్సు క్లబ్బుదే పైచేయి. 1950 మొదలు 1956 వఱకు ఏడేండ్లలో ఆఱు లీగులు ఆ జట్టే గెలిచెను. కలకత్తా మహమ్మడన్‌లో నాడి పేరుగన్న మహమ్మదు షాజహాను ఢాకాకు వచ్చి, ఈ బలహీనమైన సంఘమును తన చేతులలోనికి దీసికొనెను. వాండరర్సులో అంతఃకలహములు పుట్టగా, ఆ జట్టునుండి పేరొందిన యాటగాండ్రు కొందఱు మహమ్మడన్‌లో జేరిరి. ఒకరి యింటి తగవు వేఱొకరి యింటి కలిమియైనది. 1957లో మహమ్మడన్ మొదటిమాఱు ఢాకా లీగును గెలిచెను. 1959లో లీగునేగాక ఆగాఖాన్ బంగారు కప్పును గూడ సంపాదించెను. ఆనాడు ఇతర దేశముల జట్లు గూడ ఆ కప్పుకొఱకు ఢాకాకు వచ్చి యాడుచుండెను. 1960 మొదలు దశాబ్దమంతయు కరాచీ నగరమందలి లియారీ పేటనుండి మక్రానీ ఆటగాండ్రు ఢాకా క్లబ్బులకు వచ్చి యాడిరి. ఉర్దూ బెలూచీ మాటలాడు ఆ యాటగాండ్రను వంగభాషీయులు భుజములపై మోసి యూరేగించిన రోజులవి. తూర్పు పడమర పాకిస్తానుల రాజకీయములలో వైమనస్యము పెరుగుచున్న కాలమునందే మైదానమున ఈ మైత్రి నడచుట గమనింపదగినది.

1971లో ఆ వైమనస్యము యుద్ధముగా మాఱెను. ఈ భాగమును నేను కొంత నిదానముగా జెప్పెదను.

మార్చి నెలలో పాకిస్తాను సేనలు ఢాకాపై బడగా, లక్షలకొలది జనులు సరిహద్దు దాటి పశ్చిమ వంగమునకు శరణార్థులై వచ్చిరి. వారిలో ఫుట్‌బాలు ఆటగాండ్రును ఉండిరి. తుపాకి పట్టి పోరాడుటకు బోవలెనా, వేఱొక విధమున దేశమునకు సేవ జేయవలెనా యని యోచించి, కలకత్తాలోని ప్రవాస ప్రభుత్వముయొక్క సమ్మతితో వారు స్వాధీన్ బాంగ్లా ఫుట్‌బాలు జట్టను పేర నొక జట్టు గూర్చుకొనిరి. ఊరూర పందెములాడి, వచ్చిన ధనమును యుద్ధమునకు సమర్పించుటయు, తమ దేశముయొక్క వార్తను లోకమునకు జాటుటయు వారి యుద్దేశము. ఆ జట్టునకు నాయకుడు మహమ్మడన్ క్లబ్బుయొక్క నాయకుడగు జకారియా పింటూ. ఉపనాయకుడు అదే క్లబ్బుయొక్క ప్రతాప్ శంకర్ హజ్రా. ఒకడు ముస్లిము, ఒకడు హిందువు. పేరు మహమ్మడన్ అయినను ఆ సంఘమున హిందువులును ఆడుచుండిరనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. కాజీ సలాహుద్దీనను పదునెనిమిదేండ్లు నిండని బాలుడు తన వారికి కీడు గలుగకుండుటకై తూర్య హజ్రా యను మాఱుపేరుతో ఆ జట్టున నాడెను. ఈ పేరును మఱల వినవలసియుండును గావున జ్ఞాపకముంచుకొనుడు.

మొదటి పందెము జూలై చివరివారమున నదియా జిల్లా కృష్ణనగరమున జరిగెను. ఆటకు ముందు తమ దేశపు పతాకము నెగురవేయవలెనని పింటూయు అతని సహచరులును పట్టుబట్టిరి. భారత ప్రభుత్వము అప్పటికి బంగ్లాదేశ్‌ను ప్రత్యేక రాజ్యముగా నంగీకరింపలేదు. ఆ యంగీకారము డిసెంబరు 6వ తేదీగాని రాలేదు. అంగీకరింపని రాజ్యముయొక్క పతాకమును ప్రభుత్వపు మైదానమున ఎత్తుట యెట్లు? జెండా ఎత్తినగాని ఆడమని ఆటగాండ్రు; మైదానము నిండ జనము. జిల్లా మేజిస్ట్రేటు డి. కె. ఘోష్ కొంతసేపు తటపటాయించి, తుదకు సరేయనెను. భారత పతాకముతోబాటు బంగ్లాదేశ్ పతాకము లేచెను. పందెము రెండేసి గోలులతో సమముగా ముగిసెను. అందులకు ఫలముగా ఆ మేజిస్ట్రేటు ఉద్యోగమునుండి కొంతకాలము తొలగింపబడెను. నాయుద్దేశమున ఆనాటి పందెమున నిజముగా నొక పణము ఒడ్డినవా డాతడే. ఆటగాండ్రు పోగొట్టుకొనదగినదంతయు అప్పటికే పోగొట్టుకొని వచ్చినవారు. ఆయనకు ఇంకను ఉద్యోగము మిగిలియుండెను.

ఆ యనుభవముచేత ఆగస్టులో కలకత్తాయందు ఆడవలసివచ్చినప్పుడు మోహన్ బగాన్ క్లబ్బువారు తమ పేరుతో నాడక, గోష్ఠ పాల్ జట్టను పేరుతో దిగిరి. గోష్ఠ పాల్ తూర్పు వంగమందలి ఫరీదుపురము జిల్లాలో బుట్టి, మోహన్ బగాన్‌కు నాయకత్వము వహించిన ప్రసిద్ధుడు. చట్టమును దప్పించుకొనుటకు ఇంతకంటె సొగసైన యుపాయము దొరకదు. ఆ జట్టు పదునైదుకు పైగా పందెము లాడెను. బొంబాయిలో ఎదుటి పక్షమున దిగినవారిలో క్రికెట్టున ప్రసిద్ధుడైన పటౌడీ నవాబు మన్సూర్ అలీఖాను గూడ నుండెను. యుద్ధము డిసెంబరు 16వ తేదీన ముగిసెను. 1973లో మలేషియా దేశపు మెర్డెకా పందెములకు స్వతంత్ర బంగ్లాదేశ్ మొదటిసారి జట్టును పంపినప్పుడు దానికి గూడ పింటూయే నాయకుడు.

స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే మహమ్మడన్‌కు సరిజోడు పుట్టెను. 1972లో ప్రధానమంత్రి షేక్ ముజిబుర్ రహమాన్ కుమారుడు షేక్ కమాల్ ఆబాహనీ యను క్రీడాసంఘమును స్థాపించెను. ఆబాహనీవారు విదేశీయ శిక్షకుని రప్పించి, బంతిని దవ్వుగా దన్నుటకు బదులు ఒకరినుండి యొకరికి చిన్న చిన్న అందింపులతో నడపు క్రొత్త పద్ధతిని జూపిరి. 1974లో లీగును గెలిచిరి. 1975 ఆగస్టు 15న సైనికులు ముజిబును, కమాలును, వారి కుటుంబమును హత్య చేసినప్పుడు ఆబాహనీయు దానితో అంతరించునని పలువురు తలంచిరి, అంతరింపలేదు. ఇక ఇరువదియేండ్లు ఆకాశనీలమున్న ఆబాహనీయు, నలుపు తెలుపుల మహమ్మడన్‌ను దేశమును పంచుకొనెను. పందెము దగ్గఱపడగా ఇంటికప్పులమీద, చెట్లకొమ్మలమీద జెండాలు లేచుచుండెను. మారుమూల పల్లెలలో జనులు రేడియోచుట్టు జేరి ఆటయొక్క వర్ణనను వినుచుండిరి. రేడియోలో మాటలాడువానికి ఈ సంగతి చెప్పుటలో కొంత గర్వమున్నను మన్నింతురు గాక.

1982లో మహమ్మడన్ లీగును గెలిచెను. ఆ యేట అబ్దుస్ సలాం ముర్షెదీ అను ముందువరుస యాటగాడు ఒక్క లీగులోనే ఇరువదియేడు గోలులు వేసెను. కాని ఆ సంవత్సరమును జనులు వేఱొక కారణముచేత స్మరింతురు. మార్చి నెలలో సైన్యాధిపతి ఇర్షాద్ అధికారమును గైకొని సైనిక శాసనమును విధించియుండెను. సెప్టెంబరు 21న మహమ్మడన్ ఆబాహనీల పందెమున, ఆబాహనీవారు దన్నిన బంతి గీతను దాటినదా లేదా యని వివాదము పుట్టెను. గోలు కాదని మధ్యవర్తి తీర్పు. ఆటగాండ్రు కొట్లాడుకొనిరి; చూపరులు గోడలుదాటి దిగిరి. ఇంతవఱకు లోకమందంతట జరుగునదే. తరువాత జరిగినది మాత్రము మఱెక్కడను విననిది. ఆబాహనీ యాటగాండ్రు నలుగురు, కాజీ సలాహుద్దీన్, అష్రఫుద్దీన్ చున్నూ, గులాం రబ్బానీ హెలాల్, కాజీ అన్వర్, సైనిక న్యాయస్థానమున శిక్షింపబడి, ఇరువురు జెస్సూరు చెఱకును ఇరువురు రాజషాహీ చెఱకును పంపబడిరి. 1971లో మాఱుపేరుతో దేశముకొఱ కాడిన బాలుడే ఈ సలాహుద్దీన్. బేడీలతో వారిని రైలెక్కించునప్పుడు స్టేషనునందు జనము గుమిగూడిరి. అందులో మహమ్మడన్ పక్షమువారును ఉండిరి. పదునేడు దినముల తరువాత ప్రభుత్వము వారిని విడిచిపెట్టెను. ఆట తగవును ఆటపెద్దలే తీర్పవలెను. ఊరి తగవు కచ్చేరీకెక్కినచో ఏమగునో మీకు వేఱ చెప్పనక్కఱలేదు.

1987 నాటి కథ ఇంకను విచిత్రమైనది. ఆబాహనీవారు అంతకుముందటి యేడు మెక్సికోలో ప్రపంచపు కప్పునందాడిన ఇరాకీయు లిరువురిని దెచ్చిరి. మహమ్మడన్‌వారు ఇరాన్ దేశమునుండి నాసిర్ హిజాజీని శిక్షకునిగా రప్పించిరి. ఈయన 1978 ప్రపంచపు కప్పునందు ఇరాన్‌కు గోలు కాచినవాడు. లీగు తుదికి రెండు జట్లకును గుణములు సమానమయ్యెను. నిర్ణయమునకై పెట్టిన పందెమున ఎవరును గోలు వేయలేదు. కొట్లాట మాత్రము జరిగెను. అప్పుడు ఇరుపక్షముల ఆటగాండ్రును ఒక మాటకు వచ్చి, “మేమిరువురమును గెలిచితిమి” అని ప్రకటించి, కలిసి మైదానముచుట్టు తిరిగిరి. ఇది నాకు చాల నచ్చిన ఘట్టము. దేశమంతయు ఎవరి పక్షమున కొట్టుకొనుచుండెనో వారే కౌగిలించుకొనిరి! కాని ఫెడరేషన్‌వారు దాని నంగీకరింపక, నాయకులపై నిషేధము విధించి, చూపరులెవరును లేకుండ సైనికుల మైదానమున మఱల నాడించిరి. లక్షలమంది గొంతెత్తి యఱచు పందెము నిశ్శబ్దముగా జరిగెను. మహమ్మడన్ రెండు గోలులతో గెలిచి, మఱుసటి లీగును గూడ చేర్చి వరుసగా మూడు గెలుపులను బూర్తిచేసెను. హిజాజీ కాలముననే ఆసియా క్లబ్బుల పందెములలో ఇరాన్ దేశపు పెర్సెపోలిస్ జట్టును ఓడించెను.

ఇంత వైభవము ఎట్లు తఱిగెను? కారణములు పెక్కు. వానిలో నొకటి స్వయంకృతము. 1990 ప్రాంతమున ఆటగాండ్ర ప్రతిఫలములు విపరీతముగా బెరిగెను. ఆబాహనీ రక్షకుడు మోనెమ్ మున్నాకు 1991లో ఇరువదిలక్షల టాకాలు ముట్టినవి. ఇది భరింపజాలక 1994లో ఆబాహనీ, మహమ్మడన్, బ్రదర్స్ యూనియన్ అను మూడు క్లబ్బులవారును గూడి, ఇంతకు మించి యెవనికిని ఇయ్యరాదని ఒడంబడిక చేసికొనిరి. పంటకు ముందు వర్తకులు మువ్వురు చేరి ధర నిర్ణయించుకొన్నట్లే యిది. ఆటగాండ్రు అలిగిరి. ఒడంబడికలో జేరని ముక్తిజోద్ధా సంసదను క్లబ్బు ఆ యాటగాండ్రను గంపగుత్తగా దీసికొని కప్పు గెలిచెను. ధనమును మిగిల్చికొనదలచినవారు మనుష్యులను బోగొట్టుకొనిరి.

పిదప దూరదర్శనము ఇంటింటికి ఐరోపా జట్ల యాటను దెచ్చెను. 1997లో బంగ్లాదేశ్ క్రికెట్టు జట్టు ఐ.సి.సి. కప్పును గెలిచెను, 2000లో టెస్టు పందెములాడు హక్కును బొందెను. బాలురు బంతిని వదలి బ్యాటు బట్టిరి. మహమ్మడన్ 2002లో పందొమ్మిదవమాఱు ఢాకా లీగును గెలిచెను. 2007లో ఆటగాండ్రకు వేతనములిచ్చి నడపు జాతీయ లీగు ప్రారంభమయ్యెను. అందు మొదటి మూడేండ్లును ఆబాహనీ గెలిచెను. తరువాత ధనవంతులైన వర్తకుల ప్రాపున వచ్చిన వసుంధరా కింగ్స్ జట్టు 2018-19 మొదలు ఐదు లీగులను వరుసగా గెలిచెను. మహమ్మడన్‌కు ఆ లీగు ఒక్కమాఱును దక్కలేదు.

ఓటమికంటె హీనమైనది 2019 సెప్టెంబరులో బయటపడెను. ఢాకాలో మోతీఝీల్ ప్రాంతపు క్లబ్బులపై ప్రభుత్వ బలగములు దాడి జేసి, ఆటసంఘముల భవనములలో జూదశాలలు నడచుచున్నట్లు కనుగొనిరి. 18వ తేదీన మొదట పట్టువడినది ఫకీరాపూల్ యంగ్‌మెన్స్ క్లబ్బు. వాండరర్సు, ముక్తిజోద్ధా, విక్టోరియా గూడ తప్పించుకొనలేదు. 22వ తేదీన మహమ్మడన్ వంతు వచ్చెను. పేదలు పైసలు కూడబెట్టి చీటి కొని చూచిన యాట. వారి జెండా యెగిరిన భవనమున జూదపు బల్లలు! క్లబ్బు ఎవరిదను ప్రశ్న అప్పుడు పుట్టెను. నిర్వాహకులదా, అద్దె యిచ్చినవానిదా, ఏబదియేండ్లు గ్యాలరీలో నెండకెండి వానకు దడిసినవానిదా? పూర్వపు టాటగాండ్రు కొందఱు సంఘమును చక్కబెట్టవలెనని గొంతెత్తిరి. వారిలో బాదల్ రాయ్ ముఖ్యుడు. ఈయన కొమిల్లానుండి వచ్చి తన యాటజీవితమును మహమ్మడన్‌కే ధారవోసినవాడు. జాతీయ జట్టున గూడ నాడెను. దేహమునందు జబ్బు ముదిరినను పోరు మానలేదు. 2020 నవంబరులో చనిపోయెను.

2023 మే 30న కొమిల్లాలో ఫెడరేషన్ కప్పు తుది పందెమునకు మహమ్మడన్ ఆబాహనీలు మఱల ఎదురుపడిరి. సగమాట ముగియునప్పటికి ఆబాహనీ రెండు గోలులు ముందుండెను. మాలీ దేశీయుడగు మహమ్మడన్ నాయకుడు సులేమాన్ దియాబతే ఒక్కడే నాలుగు గోలులు వేసెను! నాలుగేసి గోలులతో ఆట సమమైనది. గోలుకాపరి గాయపడగా అతనికి మాఱుగా వచ్చిన యువకుడు తుది దన్నులను ఆపి జట్టును గెలిపించెను. పదునాలుగేండ్లకు ఆ కప్పు మహమ్మడన్ ఇంటికి వచ్చెను. శిక్షకుడు అల్ఫాజ్ అహమ్మదు, 1999లో కాట్మండునందు గోలు వేసి దక్షిణాసియా క్రీడల స్వర్ణపతకమును దేశమునకు దెచ్చిన పూర్వపు మహమ్మడన్ ఆటగాడు.

2024 ఆగస్టు 5న షేక్ హసీనా ప్రభుత్వము కూలినప్పుడు అల్లరిమూకలు ఆబాహనీ భవనముపై బడి, ఏబదియేండ్లుగా గెలిచిన కప్పులను దోచుకొనిపోయిరి. స్థాపకుడు హసీనాకు సోదరుడగుటయే అందులకు కారణము. ఆ కప్పులలో కొన్ని మహమ్మడన్‌తో పోరాడి గెలిచినవి. వానిలో షేక్ కమాల్ చూచినవి ఎన్నో లేవు. ఆ సంవత్సరము నవంబరు 18న జకారియా పింటూ ఢాకాలో మరణించెను.

ఆఱు నెలలు గడచెను. 2025 మేలో మహమ్మడన్ లీగున ముందుండెను. దోపిడికి లోనైన ఆబాహనీయే వెంటనంటి వచ్చుచుండెను. మే 16న ఆబాహనీ ఒక చిన్నజట్టు చేతిలో ఓడిపోయినందున, తాను ఆడకయే మహమ్మడన్ ఆ లీగును మొదటిమాఱు గెలిచినదయ్యెను. ఇరువదిమూడేండ్ల తరువాత వచ్చిన లీగు గెలుపు అది. ఆబాహనీని ఆనా డోడించిన చిన్నజట్టు, జూదశాలల దాడిలో అందఱికంటె ముందు పట్టువడిన ఆ ఫకీరాపూల్ యంగ్‌మెన్స్ క్లబ్బే.